మంగవ్వ చూసిన ఆట

ఎల్లారెడ్డిలో మంగవ్వ ఇల్లెక్కడ అని అడిగితే ఏ మంగవ్వ అంటారు. చెవులు వినపడని మంగవ్వ అంటే మాత్రం బస్టాండు దగ్గర అరటిపండ్లు అమ్మే మనిషి కూడా బండి వదిలి నాలుగడుగులు వచ్చి సందు చూపిస్తాడు.

రెండేళ్ళ వయసులో వచ్చిన జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయింది. మాటలు నేర్చుకోకముందే చెవులు పోయాయి కాబట్టి మాటా రాలేదు. బడికి పంపితే వెనక వరుసలో కూర్చోబెట్టారు. మూడు నెలలు కూర్చుని, ఒకరోజు పలక తెచ్చి తల్లి చేతిలో పెట్టి, ఇక పోనని తల అడ్డంగా ఊపింది. తల్లి బీడీల చాట ఒళ్ళో పెట్టింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం ఆమె చూపుతోనే నేర్చుకుంది. పదేళ్ళకే పెద్దవాళ్ళతో సమానంగా చుట్టేది.

ఆమె సైగలు ఏ పుస్తకంలోనూ లేనివి. ఇంట్లో పుట్టినవి, వాడలో పెరిగినవి. మనుషులందరికీ ఆమె పేర్లు పెట్టుకుంది. పక్కింటి దుర్గవ్వకు ముక్కుపుల్ల ఉండేచోట వేలు. తర్వాత భర్త అయిన ఎంకయ్యకు కుడి భుజం మీద రెండు తట్లు, తువ్వాల వేసుకునే చోటు. కూతురు సాయిలతకు గడ్డం కింద చిటికెన వేలు, అక్కడ ఒక పుట్టుమచ్చ ఉంది.

బతుకమ్మ ఆడటం ఆమెకు ప్రాణం. పాట వినపడదు, చప్పట్లూ వినపడవు. ముందున్న మనిషి వీపు చూసేది. ఆ వీపు వంగితే వంగేది, చేతులు కలిస్తే కలిపేది. అందుకే ఎప్పుడూ అర చప్పట్టు ఆలస్యం. ఆట చెడిపోతుందని పెద్ద ఆడోళ్ళు ఆమెను వలయంలోంచి తప్పించబోతే, ఆమె ఈడుదే అయిన దుర్గవ్వ అడ్డుపడింది.

"నా ఎనుక ఉండనీయుండ్రి. నేను మంచిగ ఆడితే ఆమె మంచిగ ఆడుతది. నేను తప్పు ఆడితేనే తప్పు ఆడుతది."

పిట్లం దిక్కు నుంచి చుట్టాలింటికి వచ్చిన ఎంకయ్య ఆమెను మొదట చూసింది ఆ వలయంలోనే. ఎందుకు చేసుకున్నావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాడు. "అందరి చేతులు ఒక్కపారి కలిసినయి. గీమె చేతులు ఎనక నుంచి వచ్చినయి. మిగిలినోళ్ళు పాటను బట్టి ఆడుతుండ్రు, గీమె మనుషులను జూసి ఆడుతున్నది అనిపించింది. గంతే."

సాయిలతకు ఆరేళ్ళప్పుడు ఎంకయ్య సెంట్రింగ్ పనికి మస్కట్ పోయాడు. తొమ్మిదేళ్ళు రాలేదు. శుక్రవారం శుక్రవారం ఫోను వచ్చేది. ఆ ఫోన్లలో మనిషి ముఖం కనపడేది కాదు, ఉత్త గొంతే. కాబట్టి మాట్లాడేది చిన్నపిల్ల. మంగవ్వ పక్కన కూర్చుని, కూతురి గొంతు మీద అరచెయ్యి పెట్టేది. తండ్రి చెప్పింది పిల్ల సైగ చేసేది, తల్లి సైగ చేసింది పిల్ల ఫోనులో చెప్పేది. ఈ మధ్యలో ఆ అరచెయ్యి తన పని తాను చేసుకునేది. పిల్ల నవ్వితే గొంతు ఎలా అదురుతుందో, దాచిపెడితే ఎలా బిగుస్తుందో దానికి తెలుసు.

ఒకసారి ఎంకయ్య చెక్క మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "అవ్వకు చెప్పకు బిడ్డా" అన్నాడు. పిల్ల "సరే బాపు" అని మామూలుగానే అంది. తల్లి చెయ్యి తియ్యలేదు. ఫోను పెట్టేశాక కూడా తియ్యలేదు. రెండో చేత్తో ఏమైందని అడిగింది. ఏమీ లేదని పిల్ల చెయ్యి ఊపింది. మళ్ళీ అడిగింది. నాలుగోసారికి సాయిలత ఏడుస్తూ తన కాలు పట్టుకుని చూపించింది.

అలా పెరిగిన పిల్లకు మనుషుల మాట కంటే మనుషుల కదలిక ముందు అర్థమవడం వింత కాదు. కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ, స్టేషన్ రోడ్డులో యాకూబు అనే ఆయన ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు కత్తిరించే పనికి కుదిరింది. పని లేనప్పుడు ఆ కంప్యూటర్ మీదే బొమ్మలు కదిలించడం నేర్చుకుంది. యాకూబు చూసి ఊరుకునేవాడు. ఒకరోజు ఆమె చేసిన బొమ్మ కోడిపిల్ల గింజ కోసం మెడ సాచి వెనక్కి తీయడం చూసి, "ఇది పెండ్లి వీడియోలల్ల పాడయ్యే చెయ్యి కాదమ్మా. పట్నంల అడుగు" అన్నాడు.

అడిగింది. హైదరాబాదులో ఒక చిన్న యానిమేషన్ కంపెనీ తీసుకుంది. మొదట రెండేళ్ళు అక్కడే ఉంది, తర్వాత కామారెడ్డిలో గది తీసుకుని అక్కడి నుంచే పని చేస్తోంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఎల్లారెడ్డి వస్తుంది.

పోయిన ఎండాకాలం ఆమెకు ఒక పని వచ్చింది. మూడు నిమిషాల సినిమా, మొత్తం నాట్యమే. దూరం పోయిన మనిషి కోసం ఒక స్త్రీ ఎదురుచూస్తుంది, ఆ మనిషి తిరిగొస్తాడు. కథ అంతే. మాటలుండవు. బొమ్మలకు కళ్ళు, ముక్కు, నోరు ఏవీ ఉండవు, కాగితం కత్తిరించినట్టు నున్నటి ముఖాలు. ఏం చెప్పాలన్నా ఒళ్ళే చెప్పాలి. ఆ స్త్రీ బొమ్మను ఆడించే పని సాయిలతది.

బొమ్మను ఆడించడమంటే సెకనుకు ఇరవై నాలుగు భంగిమలు. ముఖ్యమైనవి ఆమె పెడితే నడుమవి కంప్యూటర్ నింపుతుంది, నింపినవాటిని మళ్ళీ ఆమే సరిచెయ్యాలి. భుజం ముందు లేవాలా, మణికట్టు ముందు లేవాలా. బరువు ఏ కాలి మీద ఉండాలి. ఆగినప్పుడు కొంగు ఎంతసేపు ఊగాలి. మనిషి ఆలోచించకుండా చేసే ప్రతి చిన్న కదలికా అక్కడ ఒక నిర్ణయం.

ఆమె నెల రోజులు కష్టపడింది. ఎదురుచూపుకు కిటికీ దగ్గర చేతులు చాచి ఊగే అడుగులు పెట్టింది. మనిషి రాగానే పరుగు, గాలిలోకి ఎగరడం, మూడు గిరికీలు. నాట్యం వీడియోలు పక్కన పెట్టుకుని వేలి కొసల దాకా సరిచూసుకుంది. కంపెనీవాళ్ళు ఇచ్చిన సంగీతానికి ఒక్క అడుగు తప్పకుండా అమర్చింది. టీమ్ పెద్ద మార్కండేయ చూశాడు.

"తప్పు ఎక్కడుందని అడిగితే చూపించలేను సాయిలతా" అన్నాడు ఫోనులో. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ నాకేమీ కాలేదు. ఆమె ఎగిరింది, నేను కూర్చునే ఉన్నాను."

ఆ ఆదివారం సాయిలత ల్యాప్‌టాప్ పట్టుకుని ఎల్లారెడ్డి వచ్చింది. తిండి తిన్నాక, తల్లి చాట ముందు కూర్చుంటే, పక్కనే పెట్టి ఆడించింది. చూపించాలని కాదు, తను ఇంకోసారి చూసుకోవాలని. మంగవ్వ చుట్టడం ఆపి చూసింది. మొత్తం అయిపోయాక కూతురి మోకాలు తట్టింది.

ఎవరి మీద కోపం ఈమెకు, అని అడిగింది.

కోపం కాదని సాయిలత చెప్పింది. భర్త వచ్చాడు, సంతోషం.

మంగవ్వ నమ్మలేదు. రెండు వేళ్ళతో పరుగు చూపించింది, వెనక్కి తిరిగి చూపించింది. ఆ బొమ్మ ఎవరి నుంచో పారిపోతోంది. లేదా ఎవరో చచ్చిపోయిన కబురు విన్నది. కాళ్ళు భూమిని వదిలించుకోవాలని చూస్తున్నాయి. సంతోషంలో ఉన్న మనిషి అలా చెయ్యదు.

నెల రోజుల అలసట, మార్కండేయ మాట, రెండూ కలిసి సాయిలతకు విసుగొచ్చింది. తన చెవి మీద వేలు పెట్టుకుని, తల్లి వైపు చూపించి, అడ్డంగా ఊపింది. నీకు పాట వినపడదు కదా, అందుకే నీకు తెలుస్తలేదు.

ఇరవై ఏడేళ్ళలో ఆ మాట ఆమె తల్లితో అనడం అదే మొదలు. మంగవ్వ కాసేపు కూతురినే చూసింది. తర్వాత చాట ఒళ్ళోకి లాక్కుని ఆకు తీసుకుంది. వేళ్ళు మామూలు కన్నా వేగంగా కదిలాయి. తల ఎత్తలేదు.

ఎంకయ్య గడప దగ్గర కూర్చుని గేదె పలుపు పేనుతున్నాడు. మస్కట్ నుంచి వచ్చాక ఆయన రెండెకరాల్లో వరి చేసుకుంటూ ఇంటిపట్టునే ఉన్నాడు. అంతా చూశాడు.

"గా పాట బంద్ వెట్టి నువ్వు జూడు ఒక్కపారి" అన్నాడు.

"ఎందుకు బాపు?"

"మీ అవ్వ చూసింది గట్లనే గద. నువ్వు గట్ల చూడకనే ఆమెది తప్పని ఎట్లంటవ్?"

సాయిలత సంగీతం ఆపేసి మొదటి నుంచి పెట్టింది. గదిలో ఆకు చుట్టే సన్నటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తెర మీద ముఖం లేని స్త్రీ కిటికీ దగ్గర ఊగింది. ఎదురుచూస్తున్నట్టు లేదు, ఒళ్ళు విరుచుకుంటున్నట్టుంది. మనిషి వచ్చాడు. ఆమె పరుగెత్తింది, ఎగిరింది, తిరిగింది. నిజంగానే ఎవరి నుంచో విడిపించుకుంటున్నట్టుంది. ఒక్కసారి కూడా ఆ వచ్చిన మనిషి వైపు ఆమె ఒళ్ళు తిరగలేదు. ఇన్నాళ్ళూ తను చూసిన సంతోషమంతా వయొలిన్‌లో ఉంది. బొమ్మలో లేదు.

ఆమె ల్యాప్‌టాప్ మూసి తల్లి ముందుకు జరిగి కూర్చుంది. రెండు చేతులూ తల్లి మోకాళ్ళ మీద పెట్టింది. మంగవ్వ ఆకు చుడుతూనే ఉంది. ఒకటి అయింది, రెండు అయ్యాయి. మూడో బీడీకి దారం కట్టి, కూతురి గడ్డం కింద చిటికెన వేలు ఆనించింది. అంటే ఆమె పేరు. పేరుతో పిలిచిందంటే కోపం పోయినట్టే.

అప్పుడు సాయిలత అడిగింది. బాపు మస్కట్ నుంచి వచ్చిన రోజు నువ్వేం చేసినవ్? ఆ రోజు సాయిలత పదో తరగతి పరీక్షలో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తండ్రి మంచం మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. అంతకుముందు ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

మంగవ్వ తన కుడి భుజం మీద రెండు తట్లు తట్టి ఎంకయ్యను పిలిచింది. బయటికి పొమ్మంది. బయట నుంచి రమ్మంది. ఎంకయ్య సిగ్గుపడ్డాడు, పలుపు పక్కన పెట్టి గడప దాటి వెళ్ళాడు. సాయిలత ఫోను తీసి వీడియో పెట్టింది.

మంగవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు చుట్టడం మొదలుపెట్టింది. వాకిట్లో నీడ పడింది. ఆమె తల ఎత్తలేదు, నీడ వైపు చూసింది. చేతులు రెండు చుట్లు ఇంకా తిరిగాయి, మూడో చుట్టు సగంలో ఆగాయి. అప్పుడు తల ఎత్తింది. లేవలేదు. చాటను ఎత్తి పక్కన పెట్టింది, అంచు సరిచేసింది కూడా. ఒక చెయ్యి నేల మీద ఆనించి లేచింది. చీర మీద తంబాకు పొడి రాలింది, దులుపుకోలేదు. గడప దాకా మెల్లగా నడిచింది. ఎంకయ్య ముఖం కాదు, ముందు కాళ్ళు చూసింది. విరిగిన కాలు ఏదో వెతుకుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి. తర్వాత అతని భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, వీపు చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది. ఒక చేయి దూరంలో నిలబడింది.

అప్పుడు ఆమె చేతులు రెండూ కిందికి జారాయి. భుజాల నుంచి మోచేతుల దాకా, మోచేతుల నుంచి వేళ్ళ దాకా, నీళ్ళు దిగిపోయినట్టు. పొద్దుగూకేదాకా మాట్లాడే చేతులు, నిద్రలో కూడా కదిలే చేతులు, అలా వేలాడుతూ ఉండిపోయాయి.

సాయిలత ఫోనును ఆ చేతుల మీదికి తిప్పింది.

"గిట్లనే నిలవడ్డది గా పొద్దు" అన్నాడు ఎంకయ్య కూతురితో. "తొమ్మిదేండ్లకొస్తే ఒక్క ముచ్చట చెప్పలే. చేతులు కదిలియ్యలే. నా మీద కోపం అనుకున్న. ఇన్ని రోజులు పోయిన గదా, ఉంటది తియ్ అనుకున్న. మల్ల అడగలే."

"పన్నెండేండ్ల నుంచి కోపమనే అనుకుంటున్నవా బాపు?"

"ఏమనుకోవాలె మరి?"

సాయిలత తల్లికి సైగ చేసి చెప్పింది. బాపు ఆ రోజు నీకు కోపమనుకున్నాడు. ఏం మాట్లాడలేదని.

మంగవ్వ భర్త వైపు వింతగా చూసింది. తర్వాత చెప్పింది. నెమ్మదిగా, అతనికి ఒక్కటి కూడా తప్పిపోకుండా చెప్పింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. పిల్ల పెద్దమనిషయింది. వాన్లకు వెనక గోడ కూలింది. దుర్గవ్వ మగడు పోయాడు. ఫోనులో పిల్లతో చెప్పించలేనివి ఇంకా ఉన్నాయి. అన్నీ ఒక్కసారే వచ్చాయి. చేతులు రెండే ఉన్నాయి.

ఎంకయ్య గడప మీద కూర్చుని, పలుపు చేతిలోకి తీసుకుని, పేనడం మర్చిపోయి కూర్చున్నాడు. కాసేపటికి మంగవ్వ వెళ్ళి పక్కన కూర్చుంది. సాయిలత ఫోను లోపల పెట్టి, చాయ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. వాళ్ళిద్దరూ ఆ పూట ఏం చెప్పుకున్నారో ఆమె చూడలేదు. వంటింట్లోంచి వాళ్ళ వీపులు మాత్రమే కనిపించాయి, ఆమె వాటి వైపు కూడా ఎక్కువసేపు చూడలేదు.

కామారెడ్డి తిరిగి వెళ్ళి పాత పనంతా తీసేసింది. ఈసారి స్త్రీ బొమ్మకు కిటికీ లేదు. కూర్చుని ఏదో అల్లుతూ ఉంటుంది. ఆమె ఎదురుచూపంతా చేతుల్లోనే ఉంది, ఒక్క క్షణం ఆగని చేతులు. ఆ చేతులే నాట్యం. లేచి తిరుగుతూ కూడా గాలిలో అల్లుతూనే ఉంటుంది. తిరిగొచ్చిన మనిషి నీడ పడగానే ఆ చేతులు రెండున్నర చుట్లు తిరిగి ఆగుతాయి. ఎగరడం లేదు, గిరికీలు లేవు. చేతులు కిందికి జారే ఆ చిన్న ముక్కకే ఆమెకు పదకొండు రోజులు పట్టింది. రెండు చేతులూ ఒకేసారి దిగితే బొమ్మ అలిసిపోయినట్టుంది. మరీ మెల్లగా దిగితే ఏడుస్తున్నట్టుంది. భుజం దిగాక ఒక్క క్షణం ఆగి మోచెయ్యి దిగితే అప్పుడు కుదిరింది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, వంగి, చప్పట్లు కొడుతూ వలయంగా తిరుగుతారు. ఆమె చప్పట్టు ప్రతిసారీ అర క్షణం వెనక పడుతుంది.

ప్రతి వారం మంగవ్వకు చూపించింది. మంగవ్వ నిర్మొహమాటం మనిషి. ఒకసారి బొమ్మ లేచిన తీరు చూసి, ఈమెకు నడుము నొప్పి ఉందా అని అడిగింది. ఇంకోసారి, వచ్చిన మనిషి నిలబడిన తీరు చూసి, వీడు మళ్ళీ పోయేటట్టున్నాడు, మడమలు చూడు అంది. సాయిలత చూసింది. నిజమే, బరువు వెనక్కి ఉంది. సరిచేసింది.

మార్కండేయ చూసి వెంటనే ఫోను చేయలేదు. మరుసటి రోజు చేశాడు.

"చివర్లో ఆమె చప్పట్టు లేటుగా పడుతోంది. అది తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టిన సార్. ఆమె పాటకు ఆడుతలేదు. పక్కనున్న మనిషిని జూసి ఆడుతుంది."

"సంగీతం చేసే అతను కూర్చున్నాడు నా పక్కన" అన్నాడు మార్కండేయ. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదంటున్నాడు. చేతులు దిగేదాకా అసలు సంగీతమే వద్దంటున్నాడు. నాకూ అదే అనిపించింది. ఎవరి నడక ఇది?"

"మా అవ్వది సార్."

సినిమా పూర్తయ్యేసరికి భాద్రపదం వచ్చింది. ఆ నెల అమావాస్య అయిన పెత్రమాస నాడు, మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆటకు ముందు, సాయిలత దాన్ని ఇంట్లో పెట్టింది. దుర్గవ్వ తంగేడు పూలు ఒళ్ళో వేసుకుని, తలుపుకు ఆనుకుని చూసింది. మొదటి రెండు నిమిషాలు ఏ శబ్దమూ రాకపోయేసరికి, "సౌండు ఖరాబయిందా బిడ్డా" అంది.

"లేదత్తమ్మా. గట్లనే ఉంటది."

దుర్గవ్వ, బొమ్మలు చప్పట్లు కొడుతూ తిరిగే చోటికి రాగానే ముందుకు వంగింది. "అగో, గిది మంగది" అంది. "ముఖం లేకుంటే ఏంది, నా ఎనుక నలభై ఏండ్లు ఆడిన కాలు నాకు తెల్వదా?" చెంగుతో కళ్ళు తుడుచుకుని, తుడుచుకున్నందుకు తనే నవ్వుకుంది.

చివర పేర్లు పడ్డాయి. మంగవ్వకు చదవడం రాదు. కానీ బీడీల కార్డు మీద తన పేరు ఎలా ఉంటుందో తెలుసు. కదలికలు అని ఉన్నచోట సాయిలత పేరుకు ముందు ఆ ఆకారం కనపడగానే తెర మీద వేలు పెట్టింది. ఇది నేనే కదా అని అడిగింది. నువ్వే అని సాయిలత చెప్పింది. వేలు తీసేలోపే పేర్లు పైకి వెళ్ళిపోయాయి. ఇంకోసారి పెట్టమంది. పెట్టింది. మూడోసారి ఎంకయ్య అడిగాడు.

ఇప్పుడు కంపెనీలో ఎవరు ఏ బొమ్మ కదిలించినా, సందేహం వస్తే సాయిలతకు పంపుతారు. ఆమె ఎల్లారెడ్డి తెస్తుంది. పోయిన నెల ఒక ఏనుగు పిల్ల వచ్చింది, తల్లి నుంచి తప్పిపోయి అడవిలో తిరిగే పిల్ల. మంగవ్వ ఏనుగును ఎప్పుడూ చూడలేదు. బొమ్మను రెండుసార్లు చూసి, కూతురిని చెయ్యి పట్టుకుని వెనక పాకలోకి తీసుకుపోయింది. అక్కడ గేదె ఈని నాలుగు రోజులైంది. దూడను కాస్త దూరంగా కట్టేసి ఉంది. అది బొమ్మలోని ఏనుగు పిల్లలా మెడ సాచి వెతకడం లేదు. నాలుగు కాళ్ళూ ఉన్నచోటే తొక్కుతూ, ముట్టె మాత్రం పైకెత్తి గాలి పీలుస్తోంది.

మంగవ్వ దాని ముట్టె చూపించింది. తర్వాత వంగి పలుపు విప్పింది. దూడ గేదె పొదుగు కిందికి దూరిపోయింది. తోక ఊగడం మొదలైంది. సాయిలత ఫోను తెచ్చుకోవడానికి లోపలికి పరుగెత్తింది.